శుభలాభములు

ఉత్తరదేశపు వర్తకులు తమ అంగళ్ల ద్వారబంధములకు రెండు ప్రక్కల సిందూరముతో రెండు మాటలు వ్రాయుదురు. ఒక ప్రక్క శుభము, మఱియొక ప్రక్క లాభము. సికింద్రాబాదు బజారులలో నడచినవారెల్ల వానిని చూచియే యుందురు. రెంటికి నడుమ వాకిలి. ఆ వాకిట అడుగుపెట్టు లక్ష్మీదేవి రెంటిని సమానముగ కటాక్షించునని వారి విశ్వాసము. దానిని మేము పరిహసింపము; అది అంగడివాని గుమ్మము, వాని యిష్టము. కాని ఆ విశ్వాసమే నేడు కోటు తొడిగికొని కళాశాలలలోను సభలలోను ఉపన్యాసములిచ్చుచున్నది. బీదలకు మేలు చేయుచునే లాభము గడింపవచ్చునట. లాభము గడించుచునే మేలు చేయవచ్చునట. ఈ రెంటిని త్రాసులో సరిగా తూచి నిలుపు విద్య యొకటి కలదట. దానికి బిజినెస్ మోడలని పేరట. మా పాఠశాల విడిచి పైచదువులకు పోయిన పిల్లలు సెలవులకు వచ్చి యీ మాటలు మాకు బోధించుచున్నారు. వారి కన్నులలోని వెలుగు నిజమైనది. అందుచేతనే యీ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

ఆ విద్య నేర్చినవానిని ఇంగ్లీషున సోషల్ ఎంట్రప్రెన్యూర్ అందురు. తెలుగున సరియైన మాట యింకను కుదురలేదు. సామాజిక పారిశ్రామికవేత్త యని పత్రికలు వ్రాయుచున్నవి గాని, ఆ మాటకు నోరు తిరుగు లోపల బీదవాడు వీథి దాటిపోవును. మేము సేవావర్తకుడందుము. ఇందు నింద లేదు. సేవ మంచిది, వర్తకమును మంచిదే. రెండును ఒకే చేతిలో నున్నప్పుడు ఆ చేతిని చూడవలెననుటయే మా వాదము.

త్రాసు సమముగ నున్నదా యని అందఱు ముల్లువంక చూచుచున్నారు. మేము వేఱు ప్రశ్నలు రెండడుగుచున్నాము. ఈ లాభము ఎవ్వరి కొంగుముడినుండి వచ్చుచున్నది? వచ్చిన పిమ్మట ఎవ్వరి యింటికి పోవుచున్నది? ఈ రెంటికి జవాబు తెలియనిదే, స్థాపకుని హృదయము మెత్తనిదనియు, వాని చదువు గొప్పదనియు, వాడు గ్రామములలో నేలపై కూర్చుండి భోజనము చేసెననియు మాకు చెప్పి ప్రయోజనము లేదు. హృదయమునకు లెక్కపుస్తకములో పద్దు లేదు.

మొదట మనవారినే చూతము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893 సంవత్సరమున బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము ప్రారంభించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రిక వారపత్రికగ వెలువడెను. 1914లో మద్రాసున దినపత్రిక యయ్యెను. 1924లో భారతి పుట్టెను. ఆంధ్రగ్రంథమాల పేర పుస్తకములు వచ్చెను. ఈ కథ తెలుగువారింట పుట్టిన ప్రతి బిడ్డకు తెలిసినదే. కాని అందలి లెక్కను మనము గమనింపలేదు. తలనొప్పి గలవాడు సీసాకు వెల యిచ్చెను. వానిని ఎవ్వరును బీదవాడని పిలువలేదు. నీకు సేవ చేయుచున్నామని వానితో చెప్పలేదు. వానికి మందు కావలెను, వర్తకునికి డబ్బు కావలెను. బేరము అంతటితో సరి. మిగిలిన సొమ్ము పత్రికకు, గ్రంథములకు, దేశకార్యమునకు పోయెను. లాభమిచ్చినవాడు ఒకడు, మేలు పొందినవాడు వేఱొకడు. నడుమ నున్న మనుష్యుడు ఒక చేత పుచ్చుకొని రెండవ చేత నిచ్చెను. ఆయన సేవావర్తకుడా కాడా యని నేటి పండితులు తర్కింతురు గాక. అమ్మునది యొకటి, ఇచ్చునది యొకటి యగుటచే ఆయన త్రాసులో మోసమునకు తావే లేకపోయెను.

రెండవ యుదాహరణము తమిళదేశమందలి మధుర. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు ప్రభుత్వ వైద్యోద్యోగమునుండి విరమించి, 58 ఏండ్ల వయస్సున, 1976లో, 11 మంచములతో అరవిందనేత్రవైద్యాలయము తెఱచిరి. యౌవనముననే కీళ్లవాతముచే ఆయన వ్రేళ్లు వంకరలు పోయినవి. ఆ వ్రేళ్లతోనే కత్తి పట్టి వేలకొలది కన్నులకు చూపిచ్చిరి. అంధత్వమునకు మన దేశమున ముఖ్యకారణము కంటి శుక్లము. దానిని తీయుట కొద్ది నిమిషముల పని. కాని వైద్యుని కాలములో చాలభాగము ఒక రోగిని దింపి మఱియొకనిని ఎక్కించుటలోనే వ్యర్థమగుచుండెను. అచ్చట రెండు బల్లలు ప్రక్కప్రక్కన వేసిరి. ఒక బల్లమీద శస్త్రము జరుగుచుండగా రెండవ బల్లమీద మఱియొక రోగి సిద్ధముగ నుండును. పల్లెటూళ్ల ఆడపిల్లలను చేర్చుకొని, పరీక్షలు, కట్టుకట్టుట మున్నగు పనులన్నియు వారికి నేర్పిరి. వైద్యునికి వైద్యుడు మాత్రమే చేయదగిన పని మిగిలెను. ఇట్లు ఒక్కొక్క కంటికగు వ్యయము తగ్గెను. అదియే అచ్చటి పొదుపు. బీదవాని కూలిలో కోత పెట్టి చేసిన పొదుపు కాదు.

వెల యిచ్చి చేయించుకొనువాడు వెల యిచ్చును, ఈయలేనివాడు ఈయడు. నీవు బీదవాడవని కరణముచేత కాగితము తెమ్మని యడుగరు. వెల యిచ్చినవానికి గది, మంచము, కొంత సౌకర్యము ఎక్కువ; వైద్యుడు మాత్రము ఆ వంతున నుండువాడు ఈ వంతునకును వచ్చును. చికిత్సలలో సగమునకు పైగా ఉచితముగనో, అతిస్వల్పమైన వెలకో జరుగును. కంటిలో పెట్టు కటకము విదేశములనుండి వచ్చినన్నాళ్లు బీదవానికి అందరానిదై యుండగా, 1992లో ఆరోలాబ్ అను కర్మాగారము పెట్టి ఇంచుమించు పదవ వంతు వెలకు దానిని తయారుచేసిరి. మన హైదరాబాదున గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యాలయమును, కలిగినవాడిచ్చిన వెలతో లేనివానికి చూపిచ్చు నీ మార్గముననే నడచినది. మధుర సంస్థ ధర్మనిధి; దానికి వాటాదారులు లేరు. సంవత్సరాంతమున మిగిలిన రూపాయి మఱియొక మంచమగును. మా రెండు ప్రశ్నలకు ఇచ్చట జవాబు ఒక్క వాక్యములో దొరకును: కలిగినవానినుండి వచ్చును, లేనివాని కంటికి పోవును.

ఇక మూడవది మన గడపలోని కథ.

మా యింట అంట్లు తోమి వాకిలి ఊడ్చు ఇల్లాలొకతె యుండెను. 2009లో ఆమె వారమున కొకనాడు తప్పక ఆలస్యముగ వచ్చుచుండెను. మా యింటివారు కారణమడుగగా, "గ్రూపు మీటింగుందమ్మగారూ. సారొచ్చి కూసుంటాడు. అందరి డబ్బూ లెక్కకొచ్చేదాకా ఎవురినీ లేవనియ్యడు" అనెను. ఆ కాలమున మా పేటకు నాలుగు సంస్థలు వచ్చియుండెను. అయిదుగురు స్త్రీలు ఒక జట్టు. ఒకతె కట్టనిచో తక్కిన నలుగురు కట్టవలెను. ఆమె తీసికొన్నది 10,000 రూపాయలు. వారమునకు 230 చొప్పున 50 వారములు కట్టవలెను. వడ్డీ యెంతయని మేమడిగితిమి. "నూటికి పదిహేనేనంటండి, ఏడాదికి" అని గర్వముగనే చెప్పెను. వీథిచివరి వడ్డీవ్యాపారి నెలకు నూటికి అయిదు తీయువాడు. కావున ఆమె గర్వమునకు కారణము లేకపోలేదు.

మేము లెక్కలు చెప్పువారము కాకున్నను, నల్లబల్లమీద ఈ లెక్క వేసి చూచితిమి. ఏబది వారములలో ఆమె కట్టునది 11,500. అనగా వడ్డీ 1,500. పదివేలకు పదునైదు వంతులు, నిజమే. కాని పదివేలు ఆమెవద్ద ఏడాది పొడుగున నున్నదా? మొదటి వారమే 200 అసలు తిరిగి పోయెను, రెండవ వారము మఱి 200. సరాసరిని ఆమె చేతిలో నిలిచినది 5,100 మాత్రమే. అయిదువేల చిల్లరకు పదునైదువందల వడ్డీ యనిన నూటికి ఇంచుమించు ముప్పది. నూటికి పదునైదని చెప్పినది అబద్ధము కాదు. నిజమును అసలు మొత్తముమీద నిలువబెట్టి చూపుట. మా తొమ్మిదవ తరగతి బాలురు ఈ లెక్కను పది నిమిషములలో చేసిరి. పట్టభద్రులైన పెద్దలు అనేకులు దశాబ్దముపాటు చేయలేదు.

తరువాత రెండవ సంస్థవద్ద అప్పు తీసి మొదటి సంస్థకు కట్టినది. మూడవ దానివద్ద తీసి రెండవ దానికి. ఒక వారము చేత లేకపోగా, జట్టులోని నలుగురు స్త్రీలు ఉదయమునుండి దీపాలవేళ వఱకు ఆమె గుమ్మమున కూర్చుండిరి. వారు పరులు కారు. అందొకతె ఆమె కూతురి పురిటికి మూడు రాత్రులు మేలుకొని సాయపడినదే. ఆనాటినుండి వారి నడుమ మాటలు లేవు. తాకట్టు లేని యప్పని దీనిని మేధావులు శ్లాఘించిరి. పొరుగుదాని స్నేహమే అచ్చట తాకట్టు వస్తువని వారికి తోచలేదు. ఆ వారము 230 రూపాయలు మా యింటనుండి ఇచ్చితిమి. మఱుసటి వారము ఇయ్యలేదు. ఆ సంగతి తలచుకొనినప్పుడు మాకిప్పటికిని మనస్సు కుదుటపడదు.

ఈ వ్యాపారమందు పేరుపొందిన సంస్థ ఎస్.కె.ఎస్. విక్రమ్ ఆకులగారు 1990ల చివర మెదకు ప్రాంతమున దానిని లాభాపేక్ష లేని సంఘముగ నెలకొల్పిరి. 2005లో కంపెనీ మార్గము పట్టెను. 2010 జూలై చివర, వాటా ఒక్కింటికి 985 రూపాయల వెలతో ప్రజలకు అమ్మకమునకు పెట్టిరి. అమ్మజూపిన వాటాలకు పదమూడింతలకు పైగా గిరాకి వచ్చెను. ఇంచుమించు 1,650 కోట్ల రూపాయలు చేకూరెను. మా తోడి ఉపాధ్యాయుడొకడు దరఖాస్తు పెట్టి, "లాభమునకు లాభము, పుణ్యమునకు పుణ్యము" అనెను. మేమును ఫారము తెచ్చుకొంటిమి. నింపలేదు, వివేకముచేత కాదు, ఆ నెల చేతిలో పైకము లేక. మూడు మాసములు తిరుగకముందే, అక్టోబరులో, అప్పుల బాధచే ఆత్మహత్యలు జరుగుచున్నవని వార్తలు వెల్లువెత్తగా, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. ఆ వాటాల వెల కూలెను. ఆ సంస్థ 2016లో పేరు మార్చుకొని, 2019లో ఒక బ్యాంకులో కలిసిపోయెను.

ఆ స్థాపకులు దుర్మార్గులని మేమనము. మా వాదమునకు అది అక్కఱలేదు. మంచివారేయని యొప్పుకొందము. ఐనను, 985 రూపాయలిచ్చి వాటా కొనినవాడు ఏమి కోరును? వచ్చు నేడు అది 1,200 కావలెనని కోరును. ఆ పెరుగుదల ఎక్కడనుండి రావలెను? అమృతాంజనమునకు తలనొప్పిగల జమీందారుడును కొనుగోలుదారుడే. మధుర వైద్యాలయమునకు ధనవంతుని కన్నును వచ్చును. ఇచ్చటనో, వచ్చువారందఱు బీద స్త్రీలే. వారు దప్ప వేఱు గిరాకి లేదు. కావున లాభము పెరుగవలెననిన ఇంకను ఎక్కువ మందికి అప్పీయవలెను, లేదా ఉన్నవారికే ఇంకను ఎక్కువ అప్పీయవలెను. ఎవ్వరికి సేవ చేయుచున్నామందుమో వారే లాభమిచ్చువారు, వాటాలలో భాగము లేనివారును వారే. ఇట్టిచోట త్రాసు నిలువదు. పట్టినవాడు యుధిష్ఠిరుడైనను నిలువదు. పైగా, ఎన్ని అప్పులిచ్చితిమను సంఖ్యనే ఎంత సేవ చేసితిమను సంఖ్యగ అచ్చువేయు పద్ధతి యొకటి వచ్చెను. మధురలో లెక్కించునది తిరిగి వచ్చిన చూపును. వైద్యుడు ఎన్ని కత్తిగాట్లు పెట్టెనో లెక్కించి సేవయన్నచో మనము నవ్వుదుము.

ఇది క్రొత్త సంగతి యనుకొనువారు మన ధర్మశాస్త్రములను తెఱచి చూడవలెను. వసిష్ఠుని పేర మనువు చెప్పిన ధర్మవడ్డీ నెలకు ఎనుబదవ పాలు. ఏడాదికి నూటికి పదునైదు. ఆ ప్రక్కనే వేఱొక నియమము: నెలకు నూటికి బ్రాహ్మణునివద్ద రెండు, క్షత్రియునివద్ద మూడు, వైశ్యునివద్ద నాలుగు, శూద్రునివద్ద అయిదు. ఎవ్వనికి తక్కువ యున్నదో వానివద్ద ఎక్కువ! సంస్కృతము చదివిన మాకు ఈ శ్లోకము వద్ద తల వంగును. తల వంచుకొనుటలో కొంత సౌఖ్యము కూడ నున్నది. పాతకాలపు అన్యాయమని తలచి పుస్తకము మూయవచ్చును. కాని 2010లో పట్టణపు ఉద్యోగి ఇంటికై నూటికి తొమ్మిదికో పదికో అప్పు తెచ్చుకొనుచుండగా, అంట్లు తోమునామె ముప్పది యిచ్చెను. జాతి పేరు తీసివేసి అంకెను అట్లే యుంచితిమి. ఒక్క మంచి నియమము ఆ శాస్త్రమందే యున్నది: వడ్డీ పెరిగి పెరిగి అసలును మించరాదు. ఆంధ్రప్రదేశపు శాసనకర్తలు తెలిసి చేసిరో తెలియక చేసిరో గాని, ఆ నియమమే వారి శాసనమందును చేరినది.

ప్రతిపక్షుల మాటలను దాచిపెట్టి గెలుచుట మాకిష్టము లేదు. మొదటి యాక్షేపణ: చిన్న ఋణమీయ వ్యయమెక్కువ, పదివేలు వసూలు చేయ గడపగడపకు మనుష్యుడు నడువవలెను. నిజము. ప్రభుత్వ రిజర్వుబ్యాంకు నియమించిన మాలెగాం సంఘము 2011 జనవరిలో ఈ వ్యయమును ఒప్పుకొనియే, వడ్డీకి నూటికి 24 హద్దు సూచించెను. కావున వ్యయమునకు తగిన వడ్డీని మేము కాదనము. వ్యయము పోగా మిగిలిన దానిని గూర్చియే మా తగవు.

రెండవది: మూలధనము కావలెననిన సంత కెక్కక తప్పదు. 2010 సెప్టెంబరులో న్యూయార్కు సభలో ఆకులగారు ఈ వాదమే చేయగా, గ్రామీణ బ్యాంకు స్థాపకులు మహమ్మదు యూనస్‌గారు ఎదురుగ కూర్చుండి, బీదలపై లాభము తీయు వాటాదారుని తెచ్చుట తగదని ఖండించిరి. తర్కమునకు వారిని విడిచి చూచినను, 11 మంచములు తమ మిగులుతోనే పెరిగి దేశమందే గొప్ప నేత్రవైద్యాలయములలో నొకటైన కథ మనయెదుట నున్నది. పెరుగుటకు సంత యొక్కటే మార్గమనుట సంతలో నున్నవారి మాట.

మూడవ యాక్షేపణ బరువైనది. ఆర్డినెన్సు తరువాత వసూళ్లు ఆగిపోయెను. క్రొత్త యప్పులును ఆగిపోయెను. అనేక స్త్రీలు మరల పాత వడ్డీవ్యాపారి గుమ్మమెక్కిరి. ఇది సత్యము. మా యింటి యిల్లాలును ఎక్కినది. ప్రభుత్వము తలుపు మూసినది గాని వేఱు తలుపు తెఱవలేదు. ఐనను ఆ అప్పులు బీదతనమును పోగొట్టుచుండెననుట మాత్రము చెల్లదు. హైదరాబాదున 104 పేటలను ఎంచి, చీట్లు వేసినట్లు వానిలో 52 పేటలలో మాత్రము ముందుగ ఇట్టి సంస్థను ప్రవేశపెట్టించి, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు పరిశీలించి 2015లో ప్రకటించిరి. కొన్ని చిన్న వ్యాపారములు కొంత పెరిగెను. కుటుంబముల మొత్తపు ఖర్చులోగాని, పిల్లల చదువులోగాని, స్త్రీల స్వాతంత్ర్యములోగాని చెప్పదగిన మార్పు కనబడలేదు. అప్పు అప్పే. అవసరమునకు పనికివచ్చును, ఉద్ధారమని పేరు పెట్టిన మాత్రమున ఉద్ధారము కాదు.

అట్లైన బీదలతోనే జరుగు వ్యాపారమునకు గతి యేమి? గతి యున్నది. లాభమిచ్చునది వారే యైనచో, యజమానులును వారే కావలెను. గుజరాతమందలి ఖేడా జిల్లాలో పాలవ్యాపారి గుత్తకు విసిగిన రైతులు త్రిభువనదాసు పటేలుగారి నాయకత్వమున 1946లో తమ సంఘము పెట్టుకొనిరి. 1949లో కురియన్‌గారు వచ్చి యంత్రముల పని చూచిరి. పూటపూట పాలు తెచ్చి పోయుదురు, వెన్న కొలుతురు, కొలతకు తగిన వెల యిత్తురు; పట్టణమువాడు అమూల్ వెన్నకిచ్చిన రూపాయిలో పెద్దపాలు మరల పశువుల కొట్టమునకే పోవును. అంత దూరమేల? మన ముల్కనూరున విశ్వనాథరెడ్డిగారి పూనికతో 1956లో పుట్టిన సహకార సంఘము రైతుకు అప్పిచ్చి, అతని ధాన్యమును తానే అమ్మిపెట్టెను. అచ్చటనే 2002లో స్త్రీల పాలసంఘము బయలుదేరెను. మిగులు ఏర్పడినప్పుడు వారు దానిని తమలోనే పంచుకొందురు. సహకార సంఘములలో దొంగలు లేరా? ఉన్నారు. రాజకీయులు దూరి పాడుచేసినవి ఎన్ని లేవు! కాని అచ్చట దొంగను సర్వసభ్యసభలో నిలువబెట్టి అడుగు హక్కు ఆ స్త్రీకి కలదు. మా యింటి యిల్లాలికి ఏ సభలోను ఆ హక్కు లేకపోయెను.

ఈ చర్చ ముగిసిపోయిన పాత తగవు కాదు. 2022లో రిజర్వుబ్యాంకు చిన్న ఋణముల వడ్డీపై తాను పెట్టిన హద్దును తీసివేసి, ఎంత పుచ్చుకొనవలెనో ఆయా సంస్థల పాలకవర్గములే నిర్ణయించుకొనవచ్చుననెను. కుటుంబపు నెలయాదాయములో సగమునకు మించి కిస్తులు ఉండరాదని మాత్రము నియమించెను. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వుబ్యాంకు క్రింద నమోదైన సంస్థలకు ఆ పాత రాష్ట్రశాసనము వర్తింపదని తీర్పు చెప్పెను. మరల పేటలలో వారపు సభలు కూడుచున్నవి. మరల మన పిల్లలు పట్టములు పుచ్చుకొని, మంచి మనస్సుతోనే, ఆ సంస్థలలో చేరుచున్నారు. మరల మన యిండ్లలో మిగిలిన పైకము, బ్యాంకుల ద్వారముననో వాటాల ద్వారముననో, మనకు తెలియకయే ఆ గడపలకు పోయి వడ్డీతో మరలి వచ్చుచున్నది.

ఈ వ్యాసమునకు ప్రత్యుత్తరము వ్రాయగోరువారు తప్పక వ్రాయుదురు గాక. మేము కఠినముగ వ్రాసితిమని కొందఱు మిత్రులు ముందే సెలవిచ్చినారు. కాని తాము శ్లాఘించు సేవావర్తకుని ఉపన్యాసమును గాక, వాని సంస్థయొక్క వాటాదారుల పట్టికను, గడచిన యేటి మిగులు ఎవ్వరికి ముట్టెనో ఆ పద్దును జతచేసి పంపవలెనని కోరుచున్నాము. ఆ రెండు కాగితములు చూచిన పిమ్మట వాదించుటకు మేము సిద్ధముగ నున్నాము.